బ్లేమ్ అంటే నింద అనుకున్న నక్క

2019 మే 14, మంగళవారం. పొద్దున్నించీ వడగాడ్పు. సాయంత్రం నాలుగు చినుకులు రాలి ఉక్కపోత ఇంకా ఎక్కువైంది. ఇలాంటి ఎండల్లోనే మా కాలేజీలో పరీక్షలు పెట్టేవారు, అది వేరే సంగతి.

ఒక అడవిలో నీళ్లకూ మేతకూ పోయే దారుల పటం ఏనుగు తాత కంప్యూటర్లో ఉండేది. గిట్టలకూ పంజాలకూ మౌస్ కుదరదు గనక అంతా నల్లతెర మీద టైపు చేయడమే. ‘పుల్’ కొడితే ఎవరి దగ్గరున్న కాపీలోకి వాళ్లకు తాజా పటం వస్తుంది. కొత్త దారి గీసి ‘కమిట్’ కొడితే గీసినవాడి పేరు దానికి అంటుకుంటుంది. ‘పుష్’ కొడితే తాత దగ్గరికి చేరుతుంది.

మడుగుకు దారి గీసింది నక్కే. ఒప్పుకోవాలి మరి, జన్మకో మంచిపని ఎవరికైనా రాసిపెట్టి ఉంటుంది. కాకపోతే ఒక మలుపు తప్పు గీసి, కుందేలును ముళ్లపొదలోకి పంపింది.

ఆ సాయంత్రం తాత అందరికీ చెప్పాడు: "రేపు పటం మీద బ్లేమ్ కొడతా. ఏ గీత ఎవరిదో తేలాలి."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నక్క ఉలిక్కిపడింది. దానికి ఇంగ్లీషు వచ్చు. బ్లేమ్ అంటే నింద!

వెంటనే మడుగు దారి కమిట్లన్నీ తిరగరాసి, తన పేరు తీసేసి తాబేలు పేరు పెట్టి, ‘ఫోర్స్ పుష్’ కొట్టింది. అంటే తాత దగ్గరున్న పటాన్ని తోసేసి, తన పటాన్ని అక్కడ కూర్చోబెట్టడం. తర్వాత తాబేలు దగ్గరికి పరుగెత్తింది.

"బావా, నీ కాపీ పాతబడింది. తీసి పారేసి కొత్తగా క్లోన్ చేసుకో, అంటే తాత దగ్గర్నుంచి పటం మొత్తం మళ్లీ దించుకో."

"నా మీద ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టింది బావా?"

"ఎండకు మెత్తబడ్డానులే."

అదే మాట అడవంతా తిరిగి చెప్పింది. అందరూ అలాగే చేశారు. పాత పేర్లున్న కాపీ ఒక్కటీ మిగల్లేదు.

మర్నాడు తాత తొండంతో బ్లేమ్ కొట్టాడు. ప్రతి గీత పక్కనా ఒక పేరు వచ్చింది.

"నింద ఎవరి మీద పడింది తాతా?" అంటూ నక్క ముందుకొచ్చింది.

"నిందేమిట్రా? ఆ ఆజ్ఞకు పేరు అలా పెట్టారంతే. నాకు వయసైపోయింది. ఎవరు ఏ దారి గీశారో, దాని చివర ఉన్నది వాళ్లకు రాసిస్తున్నా."

నక్క తాతకు అడ్డం వచ్చింది. "మడుగు దారి నాది తాతా! తాబేలు బావా, నీ పాత కాపీ చూపించు!"

"నువ్వే పారేయమన్నావుగా బావా."

"పోనీ, నీదే అనుకుందాం," అన్నాడు తాత. "కుందేలును ముళ్లలోకి పంపిన మలుపు కూడా నీదేనా?"

"అబ్బే, ఆ మలుపొక్కటీ తాబేలుదే!"

అడవంతా విరగబడి నవ్వింది. కాలికి కట్టుతో కుందేలు కూడా నవ్వింది.

మడుగు తాబేలుకు దక్కింది. ఇప్పతోపు, దానికి దారి గీసిన ఎలుగుకు దక్కింది. నక్కకు ఏమీ దక్కలేదు, ఈ నీతి తప్ప: తప్పును పక్కవాడి పేరున రాస్తే, ఒప్పు కూడా వాడికే పోతుంది.