రాహేలమ్మ ఇంట్లో ప్రార్థన

మంచి శుక్రవారం ఆరాధనలో నోరు పెగలక నిలబడిపోయినప్పటి నుంచి సీలాసు ప్రార్థన మానేశాడు.

అంతకుముందు అతను ప్రార్థన చేస్తాడంటే పక్క ఊళ్ల నుంచి కూడా జనం వచ్చేవారు. మాట వెంట మాట అలలా వచ్చి పడేది. ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేవారు. సీలాసు కళ్లు మూసుకునే ఆ ఏడుపులు వింటూ ఉండేవాడు.

ఆ శుక్రవారం పట్నం నుంచి పెద్ద బోధకులు వచ్చారు. వాళ్ల ముందు ఇంకాస్త గొప్పగా చెయ్యాలనుకున్నాడు. ఎత్తుకున్న మాట సగంలో ఆగిపోయింది. ఎంత వెతికినా తర్వాతి మాట దొరకలేదు. చివరికి అతని గురువు తీతు అయ్యగారే లేచి ప్రార్థన ముగించారు.

ఇప్పుడు సీలాసు మందిరం ఊడుస్తాడు, చాపలు పరుస్తాడు, చివరి చాప మీద కూర్చుంటాడు. సాయంత్రాలు ఒడ్డున ఒక్కడే సముద్రంకేసి చూస్తుంటాడు. పోయిన మాటల మీద అతనికి బెంగ లేదు. అవి దండిగా ఉన్న రోజుల్లోనూ దేవుడు దగ్గరున్నట్టు ఒక్కసారీ అనిపించలేదని ఇప్పుడు తెలిసొచ్చింది. అదే అతన్ని తినేస్తోంది.

ఒకరోజు తీతు అయ్యగారు వచ్చి పక్కన కూర్చున్నారు.

"ఆదివారం ప్రార్థన నువ్వు చెయ్యాలి, సీలాసూ."

"నేను పనికిరానండి అయ్యగారూ. ఇంకెవరికైనా చెప్పండి."

"మొన్నటిదాకా 'నేనే గొప్ప' అనుకున్నావు. ఇప్పుడు 'నేనే తక్కువ' అంటున్నావు. ఎప్పుడూ నీ సంగతేనా? ఆయన సంగతి ఎప్పుడు?"

సీలాసు తల దించుకున్నాడు. "ఆయన కోసమేనండి ఈ ఏడుపంతా. ఎక్కడున్నాడో తెలియడం లేదు."

అయ్యగారు లేచి పంచెకంటిన ఇసుక దులుపుకున్నారు. "పద, రాహేలమ్మని చూసొద్దాం."

రాహేలమ్మ వలలు అల్లి బతికిన మనిషి. ఇప్పుడు మంచం పట్టింది. చెవులు ఏనాడో పోయాయి. వాళ్లని చూడగానే ఆమె మొహం విప్పారింది.

"ప్రార్థన చెయ్యడానికొచ్చారా అయ్యా? నొప్పులకి కంటి మీద కునుకు లేదు" అంది పెద్ద గొంతుతో. చేతులు జోడించి కళ్లు మూసుకుంది.

సీలాసు అయ్యగారి వైపు చూశాడు. ఆయన గుమ్మం దాటి బయటికి వెళ్లి, తలుపు దగ్గరగా వేశారు.

ఇక వినేవాళ్లెవరూ లేరు. సీలాసు మంచం పక్కన మోకరించాడు. ఏ మాటతో ఎత్తుకుంటే బాగుంటుందా అని వెతకబోయి ఆగాడు. ముసలామె వేళ్ల కణుపులు వాచి ఉన్నాయి. ఆ చేతిని మెల్లగా తన చేతిలోకి తీసుకున్నాడు.

"నాయనా" అన్నాడు. "ఈ అమ్మకి నిద్ర పట్టనీ."

అంతకుమించి రాలేదు. ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

రాహేలమ్మ ఇంకా కళ్లు మూసుకునే ఉంది. ప్రార్థన అయిందో లేదో ఆమెకి తెలియదు. ఓపిగ్గా ఎదురుచూస్తోంది. సీలాసు ఆమె చేతిని చిన్నగా నొక్కాడు.

"ఆమేన్" అంది ఆమె, నిండుగా.

గురుశిష్యులిద్దరూ ఒడ్డు వెంట తిరిగి నడిచారు.

"ఆదివారం చేస్తానండి" అన్నాడు సీలాసు. "కానీ ఇవాళ కూడా మాటలు రాలేదు. నాయనా అని పిలిచాను, అంతే."

"పలికాడా?" అన్నారు అయ్యగారు.

సీలాసు రాహేలమ్మ చేతిని పట్టుకున్న తన అరచేతిని చూసుకుని, మెల్లగా తలూపాడు.

అయ్యగారు ఇంకేమీ అడగలేదు.