వంటింటి కిటికీ

వెనకటికి ఒక పట్టణంలో దివాను పేర్రాజు తన పాత ఇంటికి కొత్త సొగసులు చేయిస్తున్నాడు. తాపీమేస్త్రీ సింగన్నకి ఆ పని అప్పజెప్పాడు.

"వీధివైపున్న వంటింటి కిటికీ మసిబారి ఇంటి అందం చెడగొడుతోంది. మూసెయ్యి," అన్నాడు దివాను.

"అమ్మగారికి పొగ చుట్టేస్తుందండీ."

"వంటన్నాక పొగ ఉండదా? చెప్పింది చెయ్యి!"

ఎదురు చెబితే పని పోతుంది. సింగన్న కిటికీకి చెక్క అడ్డం బిగించి, "గోడ కట్టేముందు లోపలికి ఏ రంగు నప్పుతుందో తమరే చెప్పాలండీ. వంట జరిగేటప్పుడు చూస్తేనే తెలుస్తుంది," అన్నాడు.

దివాను వంటింట్లో కూర్చున్నాడు. భార్య అచ్చాయమ్మ పొయ్యి రాజేసి, ఎండుమిరపకాయలు తాలింపులో వేసింది. కాసేపటికే దివాను దగ్గుతూ బయటికి పరుగెత్తాడు.

"ఏ రంగు వెయ్యమంటారండీ?"

"కళ్లు కనిపిస్తేగా! ముందు ఆ చెక్క తియ్యి!"

"ఇంటి అందం పోతుందేమోనండీ!"

దివాను వెనక్కి చూశాడు. పొగలో అచ్చాయమ్మ కొంగుతో కళ్లొత్తుకుంటూ ఆయనకిష్టమైన పులుసు కలుపుతోంది. ఆయన గొంతు మెత్తబడింది.

"కిటికీ రెట్టింపు చెయ్యి, సింగన్నా. లోపల దాని పక్కనే చిన్న అరుగు కట్టు. ఇకమీదట నేనక్కడే కూర్చుని తింటాను."

అచ్చాయమ్మ నవ్వుకుంటూ సింగన్నకి కూడా విస్తరి వేసింది.