ఉప్పు సన్నెమ్మ రాళ్ళదారి

అనగనగా, మన తాతలకు కూడా తాతలున్న రోజుల్లో, నక్కలవాగు ఒడ్డున ఏటివంపు అని ఒక ఊరు. ఆ ఊళ్ళో సన్నెమ్మ అని ఉప్పమ్ముకునే మనిషి. మొగుడు పోయాడు, బిడ్డల్లేరు. పొద్దున్నే తట్ట నెత్తిన పెట్టుకుని వాగు దాటేది. అవతల మూడూళ్ళు తిరిగేది. పొద్దు వాలకముందే మళ్ళీ దాటేది. ఉప్పు తడిస్తే ఆ రోజు పస్తే. అందుకని వాగులో ఎక్కడ బండ ఉందో, ఎక్కడ ఊబి ఉందో ఆమె పాదాలకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

ఒక వానాకాలం నర్సి అనే పిల్లకు పురిటినొప్పులొచ్చాయి. మంత్రసాని అవతలి ఊళ్ళో ఉంది. నర్సిని వాగు దాటించలేకపోయారు. తల్లీ బిడ్డా ఒడ్డునే పోయారు. నర్సి కళ్ళు మూసింది సన్నెమ్మే.

అప్పుడు ఊరి పెద్దలు చావడిలో కూటం పెట్టారు. వాగుకు అడ్డంగా రాళ్ళదారి వెయ్యాలనుకున్నారు. "ఇరుకు దగ్గర వేద్దాం. రాళ్ళు తక్కువ పడతాయి" అన్నాడు పెద్దకాపు చలమయ్య. అందరూ తలలూపారు.

సన్నెమ్మ మెట్ల కింద నిలబడి, "బాబూ, ఇరుకు దగ్గర నీళ్ళు ఉరుకుతాయి, అడుగంతా ఇసకే. ఎగువన వెడల్పు దగ్గర వెయ్యండి. అక్కడ కింద బండ ఉంది" అంది.

"ఆడమాట చావడెక్కదు సన్నెమ్మా. మీ ఇంట్లో మగవాణ్ణి పంపు" అన్నాడు చలమయ్య.

ఇరుకు దగ్గరే వేశారు. తొలివానకే పోయింది.

రెండో ఏడు సన్నెమ్మ తన మరిది కోటయ్యను పంపింది. దారి పొడుగునా మాట అప్పజెప్పించింది. కోటయ్య చావడెక్కాడు. పెద్దలు చుట్ట ఇచ్చి పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఆ గౌరవానికి అతనికి నోరు పెగల్లేదు. "మీరెక్కడంటే అక్కడే బాబూ" అని చుట్ట ముట్టించుకున్నాడు. ఆ ఏడూ దారి పోయింది. దాటుతున్న రెండెడ్లు కూడా కొట్టుకుపోయాయి.

మూడో ఏడు సన్నెమ్మ చావడి గోడ వెనక నిలబడి, లోపలికి వినపడేలా చెప్పింది. "ఎవరో ఏదో అంటున్నారు" అన్నాడొక పెద్దాయన. "ఆడమాట చావడెక్కదు" అన్నాడు చలమయ్య. మూడోసారీ అక్కడే వేశారు. మూడోసారీ పోయింది.

సన్నెమ్మకు కోపం రాలేదంటారు. వచ్చింది. తట్ట పక్కన పెట్టి, నీళ్ళ రేవులో ఆడవాళ్ళ మధ్య కూర్చుంది.

"మాట చావడెక్కకపోతే పోనీండి. రాయి వాగులో దిగుతుంది కదా. మనిషికి రోజుకొక రాయి" అంది.

మర్నాటి నుంచి ఒక చంకన బిందె, ఇంకో చంకన రాయి. ఇళ్ళలో తిట్లు తిన్నవాళ్ళున్నారు, దెబ్బలు తిన్నవాళ్ళూ ఉన్నారు. చలమయ్య కోడలు కొంగు చాటున తెచ్చేది. ఎండాకాలం గడిచేసరికి వెడల్పు దగ్గర దారి తేలింది.

వాన మూడు రోజులు కురిసింది. దారి నిలిచింది. ఆ ఏడు మంత్రసాని రెండుసార్లు ఇటు వచ్చి వెళ్ళింది. చలమయ్య కూడా దాటాడు, చెప్పులు చేత్తో పట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా.

తరవాత సన్నెమ్మకు చావడి నుంచి కబురొచ్చింది. వెళ్ళింది.

"కూర్చో సన్నెమ్మా" అన్నాడు చలమయ్య.

"రాళ్ళు మోసింది నేనొక్కదాన్నే కాదు బాబూ. వాళ్ళందరినీ పిలవండి, కలిసే కూర్చుంటాం."

పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "వచ్చే కూటానికి చూద్దాంలే."

"అయితే నేనూ అప్పుడే కూర్చుంటాను" అని మెట్లు దిగింది.

ఆ కూటం దాకా ఆమె బతకలేదు. మూడు రోజుల జ్వరంతో పోయింది. వాగు ఒడ్డునే పూడ్చారు.

కూటం రోజు వచ్చింది. పెద్దలింకా సర్దుకుని కూర్చోకముందే, ఊరి ఆడవాళ్ళు చావడి మెట్లెక్కారు. ఎక్కి కూర్చున్నారు.

"మిమ్మల్నెవరు పిలిచారు?" అన్నాడు చలమయ్య.

అందరిలోకీ పెద్దది, కుమ్మరి ఎల్లమ్మ, తలెత్తి చెప్పింది. "సన్నెమ్మ పిలిచింది బాబూ. తను రాలేకపోయింది."

చలమయ్య కొంచెం జరిగి చోటిచ్చాడు.

ఇప్పుడు వాగు దారి మార్చుకుంది. ఆ రాళ్ళు ఇసకలో కూరుకుపోయాయి. అయినా ఆ వైపు ఊళ్ళలో, కూటానికొచ్చిన ఆడవాళ్ళను ఎవరైనా కొత్తవాడు "మిమ్మల్నెవరు పిలిచారమ్మా?" అని అడిగితే, "సన్నెమ్మ పిలిచింది" అంటారు. అడిగినవాడు జరిగి చోటివ్వాలి. అది అక్కడి మర్యాద.