కౌజుపిట్టల పిలుపులో లేని పేరు

అనగనగా ఒక అడవి. అడవి అనగానే కళ్ళు పెద్దవి చేసుకోకండర్రా, పులులూ ఏనుగులూ తిరిగే అడవి కాదు. ఎర్రమట్టి దిబ్బలు, రేగుపొదలు, మధ్యలో ఒక వాగు ఉండే చిట్టడవి. ఆ వాగు ఒడ్డున ఒక కౌజుపిట్టల కుటుంబం కాపురం ఉండేది.

నాన్న పేరు కంకయ్య. అమ్మ పేరు నువ్వులమ్మ. పెద్దపిల్ల గరిక, ఆ తర్వాత జొన్నడు, అందరికంటే చిన్నది మువ్వ. చిన్నది అన్నానని చంకనెత్తుకునేంత చిన్నదనుకునేరు. అమ్మంత ఎత్తు వచ్చేసింది. పని చెబితే "నేను చిన్నపిల్లని" అనేది. ఊరుకోమంటే "నేను పెద్దదాన్నయ్యాను" అనేది. అదీ దాని వయసు. మన ఇంట్లోనూ ఉన్నారులే అలాంటివాళ్ళు, పేర్లు చెప్పను.

కౌజుపిట్టలకి ఒక అలవాటు ఉంది. పగలంతా గింజల కోసం, చెదపురుగుల కోసం తలోదిక్కూ పోతాయి. పొద్దు వాలగానే అమ్మ పుట్ట మీదికెక్కి ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలుస్తుంది. పిలిచినవాళ్ళు "ఓయ్" అని పలికి ఇంటికి రావాలి. నువ్వులమ్మ గొంతు వాగు అవతలిదాకా ఖంగుమనేది.

"గరికా!"

"ఓయ్!"

"జొన్నడూ!"

"ఓయ్!"

ఆ తర్వాత నువ్వులమ్మ ఆగిపోయేది. గుటక మింగేది. అప్పుడు "మువ్వా!" అనేది.

ఊపిరి తీసుకోవడానికి ఆగుతోందేమో అనుకుంది మువ్వ మొదట్లో. మరి గరిక పేరు తర్వాత ఎందుకు ఆగదు? పైగా పొద కింద పడుకునేటప్పుడు జొన్నడికీ తనకీ మధ్య ఒక పిట్ట పట్టేంత చోటు ఎప్పుడూ ఖాళీగా ఉండేది. చలికి వణుకుతూ అందులోకి జరిగినా సరే, "అక్కడ కాదమ్మా, ఇటు రా" అనేది అమ్మ.

ఇంకో సంగతి. నువ్వులమ్మకి నీడంటే హడలు. నేల మీద ఏ నీడ కదిలినా "నక్కు!" అని అరిచేది. నక్కు అంటే నక్క వచ్చిందని కాదురా, ఎందుకా ఇకఇకలు! నేలకి అంటుకుపోయి దాక్కోమని. మబ్బు నీడ పడితే నక్కు. సీతాకోకచిలుక నీడ పడితే నక్కు. ఒకసారి తన నీడని చూసి తనే "నక్కు" అని అరిచి, తనే నక్కింది. చుట్టుపక్కల పిట్టలన్నీ పొట్ట చెక్కలయ్యేలా నవ్వాయి. ఇంట్లోవాళ్ళు మాత్రం ఒక్కరూ నవ్వలేదు. మువ్వ అది కూడా కనిపెట్టింది.

ఇక ఉండబట్టలేక అక్కని అడిగింది. "అక్కా, జొన్నడన్న పేరు తర్వాత అమ్మ ఎందుకు ఆగుతుంది?"

"నీ తోకలో ఈక వంకరగా ఉంది, ముందు అది సరిచేసుకో" అని గరిక విసవిసా వెళ్ళిపోయింది.

మువ్వ నాన్న దగ్గరికి పోయింది. "నాన్నా, పొద కింద ఆ ఖాళీ చోటు ఎవరిది?"

కంకయ్యకి ఎక్కడలేని దగ్గూ వచ్చింది. దగ్గి దగ్గి, "ఈ ఏడు చెదలు భలే బలిశాయమ్మా" అన్నాడు. మువ్వ కదల్లేదు. అప్పుడు గొంతు తగ్గించి, "ఆ మాట అమ్మ దగ్గర ఎత్తకు తల్లీ. ఎత్తితే తిండి మానేస్తుంది. మేమంతా నోరు కట్టేసుకుని ఉన్నాం, నువ్వూ కట్టేసుకో" అన్నాడు.

కట్టేసుకోమంటే కట్టేసుకునే నోరా అది!

పుట్ట పక్కన బండ మీద ఒక ముసలి తొండ ఉండేవాడు. తొండలు తల ఊపుతూనే ఉంటాయి కదా. "తాతా, వాన వస్తుందా?" అంటే ఊపుతాడు. "రాదా?" అన్నా ఊపుతాడు. ఈయనతో మనకెందుకులే అని అడవిలో ఎవరూ ఆయన్ని ఏమీ అడిగేవారు కాదు. మువ్వ అడిగింది.

"తాతా, మా ఇంట్లో నాకు తెలియని పిట్ట ఇంకొకటి ఉండేదా?"

తొండ తల ఊపాడు.

"ఊపడం కాదు తాతా, నోటితో చెప్పు."

తొండ కళ్ళు మిలమిలలాడాయి. "అమ్మయ్య! నోటితో చెప్పమన్నదానివి నువ్వొక్కదానివేనే మనవరాలా! ఉండేవాడు. నీ చిన్నన్న. వాడు నోరు తెరిస్తే టముకు వేసినట్టే, అందుకే టముకు అని పేరు పెట్టారు. నువ్వప్పటికి గుడ్డులో కూడా లేవు."

"ఏమయ్యాడు?"

"డేగ వచ్చింది. మీ అమ్మ 'నక్కు' అంది. పిల్లలు తలో చోట గడ్డిలో నక్కారు. డేగ దూకి ఏదో తన్నుకుపోయింది. 'తాతా, అది నా టముకునేనా ఎత్తుకుపోయింది?' అని మీ అమ్మ నన్ను అడిగింది. నేను నోరు తెరిచేలోపల ఈ పాడు తల ఊగింది!"

"అయ్యో! మరి కాదా?"

"కాదే పిచ్చిదానా, అది పొలం ఎలకని ఎత్తుకుపోయింది! నేను కాదు కాదని అరిచాను. నా గొంతు ఏపాటిది? ఆమె ఏడుస్తూ గరికని, జొన్నణ్ణి పిలుచుకుని దిబ్బ అవతలికి పరిగెత్తింది. మళ్ళీ ఇక్కడికి కాపురానికి వచ్చాక చెబుదామనుకుంటే, నేను టముకు అనేలోపలే మీ నాన్న 'హుష్' అనేవాడు. మీ అక్క నన్ను చూస్తే మొహం తిప్పుకునేది."

"మరి అన్న?"

"గడ్డిలోనే ఉన్నాడు."

కౌజుపిట్టల ఇంట్లో పుట్టిన ప్రతి పిల్లకీ కళ్ళు తెరవగానే నేర్పే మాట ఒకటుంది. అమ్మ 'నక్కు' అంటే నక్కాలి. మళ్ళీ తన పేరు పిలిచేదాకా ఈక కూడా కదపకూడదు. చెప్పిన మాట విన్నాడు టముకు. అక్క పేరు విన్నాడు, అన్న పేరు విన్నాడు, తన పేరు కోసం చూశాడు. ఎవరూ పిలవలేదు.

"ఆకలికి తాళలేక చివరికి వాగు దాటి అవతలికి ఎగిరిపోయాడు. ఆపైన నాకు తెలియదు తల్లీ" అన్నాడు తొండ. ఈసారి తల ఊపలేదు.

మువ్వ ఆ రోజు గింజ ముట్టలేదు. పిలిస్తే? పిలిచాక అవతలి నుంచి ఎవరూ పలకకపోతే? అమ్మ మళ్ళీ తిండి మానేస్తే? పిలవకపోతే మాత్రం ఏముంది, ఇలాగే ప్రతి సాయంత్రం గుటకలు మింగుతూ ఉండటమేగా! అదే నయమా? కాదనుకుంది మువ్వ.

పొద్దు వాలింది. నువ్వులమ్మ పుట్ట ఎక్కింది. గరిక పలికింది. జొన్నడు పలికాడు. నువ్వులమ్మ ఆగింది. మువ్వ ఒక్క ఉరుకున పుట్ట మీదికెక్కి గొంతు చించుకుని అరిచింది.

"టముకూ!"

జొన్నడి ముక్కులోంచి గింజ జారిపోయింది. కంకయ్యకి ఈసారి దగ్గు కూడా రాలేదు.

"ఎవరే నీకు ఆ పేరు చెప్పింది? దిగు! దిగమన్నానా!" అని నువ్వులమ్మ మువ్వ మీదికి ముక్కెత్తింది.

"అమ్మా, డేగ ఎత్తుకుపోయింది ఎలకని. అన్నని కాదు. కావాలంటే తాతని అడుగు."

నువ్వులమ్మ బండ వైపు తిరిగింది. తొండ తల ఊపాడు.

"ఊపి చంపకు! నోటితో చెప్పు!" అని అరిచింది నువ్వులమ్మ.

"ఎలకనే తల్లీ, ఎలకనే! వాడు డేగకి చిక్కలేదని ఇన్నాళ్ళూ నన్ను చెప్పనిచ్చారా మీరు?"

మువ్వ అమ్మకి ఆనుకుని నిలబడింది. "నువ్వు పిలువమ్మా. నా గొంతు వాడికి తెలియదు."

నువ్వులమ్మ నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ తెరిచింది. ఏడుపు వచ్చింది. మూడోసారి, ఏళ్ళ తరబడి గొంతులో ఇరుక్కున్న పేరు బయటపడింది.

"టముకూ!"

వాగు అవతల ఆకు కదల్లేదు. కంకయ్య తనూ పుట్ట ఎక్కాడు. గరిక ఎక్కింది. జొన్నడు ఎక్కాడు. అందరూ ఒక్కసారిగా పిలిచారు. ఆ గోలకి పొదలోని కుందేళ్ళు కంగారుపడి ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి.

అప్పుడు అవతలి ఒడ్డు నుంచి, అడవి అదిరిపోయేలా, "ఓయ్!"

ఒక బలిసిన కౌజుపిట్ట రెక్కలు టపటపలాడించుకుంటూ వాగు దాటి వచ్చి, ఆగడం చేతకాక, నేరుగా నాన్న మీద పడ్డాడు. ఇద్దరూ పుట్ట మీంచి దొర్లారు. ఎవరు నవ్వుతున్నారో ఎవరు ఏడుస్తున్నారో తెలియలేదు.

నువ్వులమ్మ కొడుకుని రెక్కల్లోకి లాక్కుని, "ఇంత దగ్గర ఉండి ఎందుకు రాలేదురా?" అని తిట్టింది.

"రోజూ పొద్దు వాలగానే వాగు ఒడ్డుకొచ్చి వినేవాణ్ణి అమ్మా. అక్కని పిలిచేదానివి. అన్నని పిలిచేదానివి. తర్వాత నా పేరేనని రెక్కలు విప్పుకునేవాణ్ణి. నువ్వు ఎవరో మువ్వని పిలిచేదానివి. ఇక నేను మీకు అక్కర్లేదనుకున్నాను. ఇవాళ నువ్వు పిలిచినా మొదట నా చెవుల్ని నేనే నమ్మలేదు."

"పిలిస్తే పలకవేమోనని భయపడి పిలవలేదురా నాయనా!"

"పిలవలేదు కాబట్టే పలకలేదమ్మా."

నువ్వులమ్మ కొడుకు తల నిమురుతూ ఉండిపోయింది. ఆ ఎవరో మువ్వ మాత్రం ఉబ్బితబ్బిబ్బయి అన్న చుట్టూ గెంతుతూ, "నేనే మువ్వని, నేనే మువ్వని" అని అడవంతా వినబడేలా చెప్పింది.

నీతి: బాధ కలుగుతుందని మనవాళ్ళ పేరు నోట్లోనే దాచుకుంటే, వాళ్ళు తిరిగొచ్చే దారి మనమే మూసినట్టవుతుంది. ఇంట్లో అడగాల్సింది అడగాలి, చెప్పాల్సింది నోరు తెరిచి చెప్పాలి.