రివ్వడు ఉమ్మేసిన ఉండలు

ఇప్పలకోన అనే అడవిలో దుప్పులు, అడవిపందులు, నెమళ్లు, ఒక ముసలి ఎలుగుబంటి, పదకొండు పెద్ద రేచుకుక్కలు, వాటి పిల్లలు ఉండేవి. దోమలు కూడా ఉండేవి. అవి ఎన్నో ఎవరికీ తెలియదు.

రేచుకుక్క అంటే మన వీధికుక్కకు అడవిలో చుట్టం. ఎర్రగా ఉంటుంది. మొరగడానికి బదులు ఈల వేస్తుంది. నమ్మకపోతే మీ ఇష్టం.

ఆ గుంపుకు పెద్ద గోరింట. ఆమె తమ్ముడు రివ్వడు. పరుగు మొదలుపెడితే రివ్వున పోయేవాడు కాబట్టి ఆ పేరు పడింది. వేటలో ముందు పరుగు ఎప్పుడూ వాడిదే. వేట ముగిశాక అందరూ ఇంటికి వచ్చి, తిన్నదాంట్లో కొంత కక్కి పిల్లలకు పెట్టేవారు. మీరు మొహం చిట్లించకండి. వాళ్ల ఇళ్లలో పళ్లేలు ఉండవు మరి.

వీళ్ల అమ్మ దగ్గి దగ్గి చనిపోయింది. అప్పుడు రివ్వడు చాలా చిన్నవాడు, వాడికి ఏమీ గుర్తులేదు. గోరింటకు మాత్రం అంతా గుర్తుంది. అందుకే ఆమె ఎలుగుబంటి దగ్గరకు వెళ్లి, ఇలాంటిది మళ్లీ జరగకుండా ఏదైనా చెయ్యమని అడిగింది. ఎలుగుబంటి అడవికంతటికీ వైద్యుడు. చూడటానికి పాత బొంతలా ఉండేవాడు కాబట్టి అందరూ బొంత మామ అని పిలిచేవారు.

జబ్బున్న జంతువును కుట్టిన దోమ నోట్లో కంటికి కనబడని పిల్లపురుగులు ఉంటాయని బొంత మామ చెప్పాడు. ఆ దోమ కుక్కను కుడితే అవి ఒంట్లోకి దిగుతాయట. మెల్లగా గుండెదాకా పోయి, అక్కడ దారాల్లా పొడవుగా పెరుగుతాయట. దోమలన్నిటినీ ఆపడం ఎవరి వల్లా కాదు. కానీ నెలనెలా మందు పడితే ఆ పిల్లపురుగులు పెరగకముందే చచ్చిపోతాయి.

అప్పటి నుంచి ప్రతి పున్నమి మర్నాడు ఉదయం కుక్కలన్నీ వరుసగా మామ కూర్చునే బండ దగ్గరకు వెళ్లేవి. మామ ఒక్కొక్కరి నోట్లో ఒక్కో చేదు ఉండ పెట్టేవాడు. అందులో ఏమేం వేసి నూరేవాడో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. చిన్నపిల్లలు కూడా కళ్లు గట్టిగా మూసుకుని మింగేవారు.

రివ్వడికి మాత్రం ఇదంతా నవ్వులాటగా ఉండేది. దుప్పిని మూడు గుట్టలు దాటించి తరిమినా రొప్పని తనకు మందేమిటని వాడి ధీమా. అక్కతో వాదించలేక ఉండను బుగ్గలో దాచేవాడు. మింగినట్టు గుటక కూడా వేసేవాడు. తర్వాత పుట్ట వెనక్కి పోయి ఉమ్మేసేవాడు. ఇలా మూడు పున్నములు గడిచాయి. వాడికి ఏమీ కాలేదు. దాంతో తన తెలివికి తనే మురిసిపోయాడు.

వానాకాలం వెళ్లింది, చలికాలమూ వెళ్లింది. ఒకరోజు రివ్వడు రెండో గుట్ట దగ్గరే ఆగిపోయాడు. మర్నాడు మొదటి గుట్ట కూడా ఎక్కలేకపోయాడు. పక్కటెముకలు తేలాయి. దగ్గు మొదలైంది.

ఆ దగ్గు విని గోరింట లేచి వచ్చింది. అది అమ్మ దగ్గు. తమ్ముణ్ణి వెంటబెట్టుకుని నేరుగా బండ దగ్గరకు తీసుకెళ్లింది.

బొంత మామ రివ్వడి ఛాతీకి చెవి ఆనించి చాలాసేపు విన్నాడు. "గుండెలో పురుగులు పెరిగాయి. ఉండలు మింగావా?" అని అడిగాడు.

రివ్వడు తల దించుకున్నాడు. పుట్ట సంగతి చెప్పేశాడు. గోరింట తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండునని వాడికి అనిపించింది.

"ఇన్నాళ్లూ నిన్ను కుట్టిన దోమలు నీ ఒంట్లోని పిల్లపురుగుల్ని మోసుకుపోయి మీ అక్క పిల్లల్ని కూడా కుట్టి ఉంటాయి" అన్నాడు మామ.

రివ్వడు గబుక్కున తల ఎత్తాడు. "పిల్లలకేమైనా అయిందా మామా?" అన్నాడు.

"వాళ్లు మింగారు కదరా. వాళ్లకేం కాదు."

రివ్వడు అక్కడే కూలబడి ఏడ్చాడు. పిల్లలు బాగున్నారన్న సంతోషమూ ఉంది, సిగ్గూ ఉంది.

మామ పురుగులను చంపే మందు ఇచ్చాడు. ఇది పున్నమి ఉండలాంటిది కాదు, చాలా ఘాటైనది. ఇప్పటి నుంచి మూడు నెలలు పరుగు మాట ఎత్తవద్దని చెప్పాడు. చచ్చిన పురుగులు ముక్కలై నెత్తుట్లో కలుస్తాయి. పరుగెత్తితే అవి ఊపిరితిత్తుల్లో అడ్డం పడి ప్రాణం తీస్తాయి. కదలకుండా ఉంటే ఒళ్లే వాటిని మెల్లగా కరిగించుకుంటుంది.

రివ్వడికి పడుకోవడం కన్నా పెద్ద శిక్ష ఇంకేముంటుంది? అయినా పడుకున్నాడు. గుంపు వేట నుంచి రాగానే పిల్లలకు పెట్టి, తర్వాత వాడి ముందు కూడా కక్కి పెట్టేవారు. వాడు వద్దన్నా వినేవారు కాదు.

ఒక సాయంత్రం బలిసిన దుప్పి ఒకటి వాడి ముందు నుంచే నడిచి వెళ్లింది. రివ్వడు చటుక్కున లేచాడు. వెనక కాళ్లు బిగించాడు. గోరింట వచ్చి వాడి మీద అడ్డంగా పడుకుంది. ఆ రోజు వాడికి కాపలా ఆమే.

"వదులక్కా, ఒక్క పరుగు" అన్నాడు.

"ఆ దుప్పి రేపు మళ్లీ వస్తుంది. నువ్వు పోతే రావు" అంది గోరింట.

రివ్వడు కాళ్లు వదులు చేశాడు. అక్క బరువు కింద అలాగే నిద్రపోయాడు.

మూడు నెలలు నిండాయి. మామ మళ్లీ చెవి ఆనించి, పురుగులు పోయాయని చెప్పాడు. బతికాడు, అదే చాలు. కానీ గుండె ముందులా లేదు. నడవొచ్చు, మెల్లగా ఉరకొచ్చు. ముందు పరుగు మాత్రం ఇక ఎప్పటికీ కుదరదు.

ఆ మాట గుంపుకు రివ్వడే చెప్పాడు. "ముందు పరుగు ఇంకెవరికైనా ఇవ్వండి. నన్ను మాత్రం గుంపులో ఉంచండి" అన్నాడు.

గోరింట వాడి చెవి నాకింది. "పిచ్చోడా, నువ్వు వేగంగా ఉరుకుతావని కాదురా నిన్ను ఉంచుకున్నది" అంది.

మర్నాడు గుంపు మామూలుగా వేటకు బయలుదేరింది. కానీ ఆ రోజు ఎవరూ ఉరకలేదు. మొదటి గుట్ట దాటేదాకా మిగతా పదిమందీ రివ్వడి నడకతో నడిచారు.

అన్నట్టు, మీ ఇంట్లో కుక్క ఉంటే ఎలుగుబంటిని వెతుక్కుంటూ పోకండి. పశువుల డాక్టరును అడగండి.

నీతి: జబ్బు రాకుండా వేసుకునే మందును ఒంట్లో బాగున్నప్పుడే వేసుకోవాలి, అది మనల్నే కాదు, మన వాళ్లను కూడా కాపాడుతుంది.