ఏడో సీటు డోలుది

చోడవరంలో నూకరాజని ఒక డోలు వాయించే ఆయన ఉండేవాడు, చెయ్యి బంగారమే గానీ, ఏ సంగతైనా తను కూచున్న చోటు నుంచే చూసి తేల్చేసేవాడు.

ఆయనది పెళ్ళిళ్ళకెళ్ళే సన్నాయి మేళం. అన్నయ్య పైడయ్య సన్నాయి, ఈయన డోలు. తాళం వేసే ఈశ్వర్రావే బండి కూడా తోలేవాడు. పక్క డోలుకి ఒకాయన, శ్రుతి పెట్టెకి ఒకాయన ఉండేవారు. వాళ్ళకి ఒక పాత బండి ఉండేది, ఏడుగురు పట్టేది. ముందు సీటు నూకరాజుది. నడిమి సీట్లో కిటికీ పక్కన డోలు. దానికి చెమ్మ తగిలితే చర్మం వదులైపోతుందని, చక్కగా ఏసీ గాలి తగిలేలా పెట్టి, మనిషికి కట్టినట్టు బెల్టు కట్టేవాడు. పైడయ్య మాత్రం అందరికన్నా వెనక, బట్టల సంచుల మధ్య కూచునేవాడు. పదకొండేళ్ళు అలాగే కూచున్నాడు. కుదురుగా ఉందా అన్నయ్యా అని ఎవరూ అడగలేదు. ఆయనా చెప్పలేదు. చెప్పే మనిషి కాదు పాపం.

పైడయ్యకి ఒక అలవాటుండేది. పెళ్ళివారింటి దగ్గర బండి దిగ్గానే సన్నాయి ముట్టుకునేవాడు కాదు. చేతులు వెనక్కి కట్టుకుని పందిరి చుట్టూ రెండుసార్లు తిరిగేవాడు. నూకరాజుకి అదో వేళాకోళం.

"చూశారా, మా అన్నయ్య పందిరి కొలతలు తీస్తున్నాడు! టేపు ఇవ్వండర్రా ఎవరైనా!" అనేవాడు.

అందరూ నవ్వేవారు. పైడయ్య కూడా నవ్వేవాడు. రెండో చుట్టు పూర్తి చేసుకునే వచ్చేవాడు.

పోయిన వానాకాలం రెండు రోజుల జ్వరంతో పైడయ్య పోయాడు. ఇల్లు ఇల్లంతా మూగబోయింది. ఆయన సన్నాయిని గుడ్డలో చుట్టి దూలానికి కట్టేశారు. నాలుగు నెలలయ్యాక ఆయన కూతురు సత్యవేణి స్టూలేసుకుని దాన్ని దింపింది. ఇరవై రెండేళ్ళ పిల్ల. చిన్నప్పట్నుంచీ తండ్రి దగ్గర నేర్చుకున్నదే.

"చిన్నాన్నా, నేనొస్తాను మేళానికి," అంది.

నూకరాజు కళ్ళు తుడుచుకున్నాడు. "రా తల్లీ. మీ నాన్న చోటు నీదే," అన్నాడు.

చోటంటే నిజంగా ఆ చోటే ఇచ్చాడు, వెనక సీటు. పిల్లని ఒంటరిగా పంపనని తల్లి అచ్చియ్యమ్మ కూడా బయల్దేరింది. ఆవిడా వెనకే. ఇప్పుడు మనుషులు ఆరుగురు. ఏడో సీటు డోలుది.

మొదటి పెళ్ళి నర్సీపట్నం అవతల. దారిలో ఎడ్లబండ్లు అడ్డమొచ్చి ఆలస్యమైంది. "దిగండి, దిగండి! ముహూర్తం దాటిపోతోంది!" అని నూకరాజు తోసుకుంటూ వెళ్ళి వేదిక పక్కన కూచున్నాడు. సత్యవేణి పరిగెత్తుకుంటూ వచ్చి సన్నాయి అందుకుంది. మొదలు బాగానే పెట్టింది. జీలకర్రా బెల్లం వేళకి ఊపిరి చాలలేదు. సన్నాయి కీచుమంది. పెళ్ళికొడుకు వైపు వాళ్ళెవరో కిసుక్కున నవ్వారు.

తిరుగు దారిలో నూకరాజు ముందు సీట్లోంచి తల తిప్పకుండానే అన్నాడు. "ఎంత నేర్చుకున్నా మీ నాన్న ఊపిరి నీకు రాలేదమ్మా. ఏం చేస్తాం."

మర్నాడు పొద్దున్న సత్యవేణి సన్నాయిని మళ్ళీ గుడ్డలో చుట్టింది. అనకాపల్లిలో బట్టల కొట్టు వాళ్ళు సోమవారం నుంచి పనిలోకి రమ్మన్నారని తల్లితో చెప్పింది. రెండు రోజులు అచ్చియ్యమ్మకి ముద్ద దిగలేదు. మనిషి పోతే పోయాడు, ఆయన వాయిద్యం కూడా ఇంట్లోంచి పోతుందా అని.

ఆ వారంలోనే పాత బండి మొరాయించింది. నూకరాజు కొత్తది కొందామన్నాడు. "కొత్త బండొస్తే అందరికీ హుషారొస్తుంది. ఆ పిల్ల కూడా మనసు మార్చుకుంటుంది," అన్నాడు. పోయినేడాది బండికే కంపెనీ వాళ్ళు కొత్త సోకులు పెట్టి ఈ ఏడాది మళ్ళీ దించారని విని, శనివారం పొద్దున్నే వదిననీ సత్యవేణినీ ఈశ్వర్రావునీ వెంటేసుకుని అనకాపల్లి షోరూంకి వెళ్ళాడు. డోలు కూడా పట్టుకెళ్ళాడు. దానికి సీటు సరిపోతుందో లేదో చూసుకోవాలి కదా!

షోరూంలో హేమలత అని ఒకమ్మాయి బండి చూపించింది. "సార్, మొహం మొత్తం మార్చేశారు. లైట్లు కొత్తవి. పాటలకీ దారికీ పెట్టిన ఈ తెర ఇదివరకటి దానికి రెట్టింపు. ముందు సీట్లలోంచే చల్లగాలి వస్తుంది. పైన ఈ అద్దం జరిపితే ఆకాశం కనిపిస్తుంది."

నూకరాజు ముందు సీట్లో కూచుని మీట నొక్కాడు. వీపు చల్లబడింది. మొహం వెలిగిపోయింది. "ఓరి ఈశ్వర్రావూ! ఇది సీటు కాదురా, అత్తారింటి మర్యాద! ఇంకేం చూడక్కర్లేదు, ఇదే తీసుకుందాం."

"ఒకసారి తోలి చూడండి సార్," అంది హేమలత.

అందరూ ఎక్కారు. ఎవరూ చెప్పకుండానే ఎవరి చోట్లో వాళ్ళు సర్దుకున్నారు. నూకరాజు ముందు. డోలు నడిమి సీట్లో. ఆయన దానికి బెల్టు పెడుతుంటే పక్కన కూచున్న హేమలత నోరు తెరిచింది.

"డోలుకి బెల్టా సార్?"

"అది మా ఇంటి పెద్దమ్మాయి," అన్నాడు నూకరాజు.

ఈశ్వర్రావు బండి కదిలించబోయాడు. అచ్చియ్యమ్మ వెనక నుంచి పిలిచింది. "ఆగు ఈశ్వర్రావూ. నూకరాజూ, ఇలా రా. నేనక్కడ కూచుంటాను, నువ్విక్కడ కూచో."

"ఎందుకొదినా?"

"బండి బాగుందన్నావు కదా. మీ అన్నయ్య కూచునే చోటు కూడా బాగుందో లేదో చూసి చెప్పు."

అన్నయ్య మాట వచ్చేసరికి నూకరాజు కాదనలేకపోయాడు. వెనక్కి ఎక్కడానికే అవస్థ పడ్డాడు. నడిమి సీటు వంచి, ఒంగి, దూరి వెళ్ళాలి. పంచె కొక్కేనికి పట్టుకుంది. సత్యవేణి విడదీసింది. ఎలాగో కూచున్నాడు. మోకాళ్ళు గుండెకి తగిలాయి.

బండి మాడుగుల రోడ్డు పట్టింది. ఏసీ గాలంతా డోలుకే తగులుతోంది, వెనక్కి రావట్లేదు. కిటికీ అద్దం దిగేది కాదు. ముందు వాళ్ళు ఏదో చెప్పుకుని నవ్వుతున్నారు, ఎందుకు నవ్వుతున్నారో ఈయనకి వినపడదు. రోడ్డు మీద ఎత్తు రాగానే ఎగిరి తల పైకప్పుకి కొట్టుకుంది.

"ఈశ్వర్రావూ, నెమ్మదిరా!" అని అరిచాడు. ముందుకి వినపడలేదు.

"చిన్నాన్నా, కాళ్ళు ఇలా ఏటవాలుగా పెట్టుకోండి," అంది సత్యవేణి. "ఎత్తొచ్చినప్పుడు ముందు కడ్డీ పట్టుకుని ఊపిరి బిగబట్టండి. నడుం పట్టేయదు."

"నీకెవరు చెప్పారమ్మా ఇవన్నీ?"

"నాన్న."

నూకరాజు కాళ్ళు ఏటవాలుగా పెట్టి కడ్డీ పట్టుకున్నాడు. అరగంటయ్యాక ఈశ్వర్రావు ఒక టీ కొట్టు దగ్గర ఆపాడు. నూకరాజు దిగి నిలబడబోయాడు. కాళ్ళు సాగలేదు. గట్టిగా ఊపిరి తీసుకుందామంటే ఛాతీ పట్టేసినట్టుంది. నాలుగడుగులు వేస్తే సర్దుకుంటుందని చేతులు వెనక్కి కట్టుకుని బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. కాస్త నయం. రెండోసారి తిరుగుతున్నాడు, సగంలో ఆగిపోయాడు.

చేతులు వెనక్కి. రెండు చుట్లు.

పందిరి కొలతలు కాదు అవి. పదకొండేళ్ళూ అన్నయ్య మోకాళ్ళు సాగదీసుకుని, ఊపిరి వెనక్కి తెచ్చుకుని, అప్పుడు సన్నాయి పట్టేవాడు. తనేమో టేపు ఇవ్వండర్రా అనేవాడు.

నూకరాజు బండికి చెయ్యి ఆనించి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. టీ కొట్టాయన గ్లాసులు కడగడం ఆపేశాడు. అచ్చియ్యమ్మ దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేసింది. ఆవిడా ఏడుస్తోంది.

"వదినా, ఒక్కసారైనా చెప్పకపోయాడా నాకు!"

"నువ్వొక్కసారైనా అడగకపోయావా బాబూ," అంది మెల్లిగా.

నూకరాజు మొహం తుడుచుకుని సత్యవేణి ముందుకొచ్చాడు. "ఆ రోజు నిన్ను దిగీ దిగ్గానే వాయించమన్నాను. రెండు చుట్లు తిరగనివ్వలేదు. ఊపిరి లేకపోవడం కాదమ్మా, ఉన్న ఊపిరి నేనే నొక్కేశాను. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను."

ఆ పిల్ల తల వంచుకుంది.

షోరూంకి తిరిగొచ్చాక నూకరాజు బండిని మళ్ళీ మొదట్నుంచీ చూశాడు, ఈసారి వెనక నుంచి ముందుకి. "అమ్మా, నువ్వెప్పుడైనా ఇందులో వెనక కూచున్నావా?" అని హేమలతని అడిగాడు.

"లేదు సార్. ఆ సీటు సంగతి ఇంతవరకూ ఎవరూ అడగలేదు."

"అయితే కూచో."

ఆ అమ్మాయి దూరి కూచుంది. రెండు నిమిషాలకి తనే అంది. "సార్, ఆకాశం అద్దం ఉన్నదాన్లో పైకప్పు కిందకి దిగుతుంది, అందుకే తల తగులుతోంది. అద్దం లేని రకం ఒకటుంది. దానికి వెనక సీటుకి వేరే ఏసీ గాలి ఉంది. నడిమి సీటు జానెడు ముందుకి జరుగుతుంది. మామూలుగా అది చూపించం, ఎవరికీ నచ్చదని."

"అదే చూపించు."

అందులో అందర్నీ వంతులవారీగా వెనక కూచోబెట్టాడు. మోకాలికీ సీటుకీ మధ్య బెత్తెడు చోటు మిగిలింది. గాలి మొహానికి తగిలింది. వెనక సీట్లో ఒక సగం మడిస్తే డోలు కూడా కుదురుగా కూచుంది.

"తెర చిన్నదే దీన్లో," అన్నాడు ఈశ్వర్రావు దిగులుగా.

"నువ్వు రోడ్డు చూడరా, తెరెందుకు! చల్లగాలి సీటు కూడా లేదు, చెమటోడ్చి తోలు." అని, సత్యవేణి వైపు తిరిగాడు. "డోలు నాది. దాని పక్కన కూచోవాల్సింది నేను. నువ్వు ముందు కూచో తల్లీ. ఒక్క పెళ్ళికి రా. ఆ తర్వాత బట్టల కొట్టుకెళ్తానంటే నేనే దింపుతాను."

సత్యవేణి ఒకసారి అచ్చియ్యమ్మ వైపు చూసింది. "సోమవారం రాలేనని చెప్తాను వాళ్ళకి. ఒక్క వారమే," అంది.

ఆ గురువారం పెళ్ళి మాడుగులలో. తెల్లారుతుండగా కొత్త బండిలో చేరారు. ముహూర్తానికి ఇంకా గంట టైముంది, నూకరాజే కావాలని ముందు బయల్దేరదీశాడు. వెనక నుంచి డోలు దింపుకుని, చేతులు వెనక్కి కట్టుకుని పందిరి చుట్టూ నడవడం మొదలుపెట్టాడు.

"ఏంటి చిన్నాన్నా, పందిరి కొలుస్తున్నారా?" అంది సత్యవేణి.

ఆయన ఆగి చూశాడు. ఆ పిల్ల నవ్వుతోంది, తండ్రి పోయాక మొదటిసారి. "టేపు పట్టుకో, నువ్వూ రా," అన్నాడు. ఇద్దరూ కలిసి రెండో చుట్టు తిరిగారు.

ఆ రోజు సన్నాయి కీచుమనలేదు. తాళి కట్టే వేళకి ఆనందభైరవి పందిరి దాటి వీధి చివరకి వినపడిందట. శ్రుతి పెట్టె ఆయన పక్కన కూచున్న అచ్చియ్యమ్మ కళ్ళు మూసుకుని వింది. పైడయ్య ఉన్నట్టే ఉంది ఆవిడకి. ఆపై సోమవారం వచ్చినా బట్టల కొట్టు మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

అందుకని అమ్మా, నాయనా, పదిమంది కోసం బండి కొన్నా, పదిమంది తరఫున మాట చెప్పినా, ముందు వెనక సీట్లో కూచుని చూడండి. నోరు తెరిచి అడగని మనిషి కష్టం మనమే వెళ్ళి అడిగి తెలుసుకోవాలి, అదీ ఆ మనిషి మన మధ్య ఉండగానే.