ఎవరూ లేరన్న తీతువు

అనగనగా అంటే మరీ పాతకాలం కాదు పిల్లలూ. 2019 మే 14, మంగళవారం. పొద్దున పదింటికే రాళ్లు కాలుతున్నాయి. ఆకు కదలడం లేదు. ఒక అడవి అంచున, గులకరాళ్ల మైదానంలో, ఒక తీతువు పిట్ట కాలు నిలవక అటూ ఇటూ తిరుగుతోంది.

తీతువు అరిస్తే అపశకునమని కొందరు ప్రయాణాలే మానుకుంటారు. పాపం, అది అరిచేది గుడ్ల మీద బెంగతో. తీతువు చెట్టు మీద గూడు కట్టదు. రాళ్ల మధ్య రాళ్లలాంటి గుడ్లు పెట్టి, అక్కడేమీ లేదని అందరినీ నమ్మిస్తుంది. అదే దానికి తెలిసిన విద్య. సరే, కథలోకి వద్దాం.

ఎండాకాలం అడవికి నీళ్లు తోడే బోరు కోసం సోలార్ పలకలు పెట్టించాలని అడవికి పెద్దయిన ఎలుగుబంటి అనుకుంది. స్థలం చూసే పని నక్కకు అప్పగించింది. నక్క కొలిచే గొలుసు పట్టుకుని మైదానానికి వచ్చింది.

“ఇక్కడ ఎవరైనా ఉంటున్నారా, తీతువమ్మా?”

తీతువు గుడ్ల వైపు చూడకుండా తల తిప్పుకుంది. దాని నాలుగు గుడ్లు నక్కకు రెండడుగుల దూరంలోనే ఉన్నాయి.

“ఎవరూ లేరు బాబూ. ఉత్త రాళ్లు,” అంది.

నక్క పొద దగ్గర అడిగింది. “ఎవరూ లేరు,” అంది లోపలినుంచి తాబేలు. గడ్డిదుబ్బు దగ్గర అడిగింది. “ఇక్కడా ఎవరూ లేరు,” అంది కుందేలు. నక్క నవ్వుకుని, ‘ఖాళీ నేల’ అని రాసుకుంది.

మూడో రోజుకల్లా గుంజలు దిగాయి. ఒక గుంజ గుడ్లకు జానెడు దూరంలో ఉంది. తీతువు ఎలుగుబంటి దగ్గరికి పరుగెత్తింది.

“పెద్దయ్యా, అది ఖాళీ కాదు. నా గుడ్లున్నాయి.”

“నువ్వేగా ఎవరూ లేరన్నావు?” అంది పక్కనే ఉన్న నక్క. “ఉంటే చూపించు. మేమూ చూసి సంతోషిస్తాం.”

“చూడకుండా ఎలా నమ్మను తల్లీ?” అంది ఎలుగుబంటి.

ముగ్గురూ మైదానానికి వచ్చారు. చూపిస్తే నక్కకు చోటు తెలిసిపోతుంది. చూపకపోతే రేపే పలకలు దిగుతాయి. తీతువు గుడ్ల దాకా వెళ్లింది, వెనక్కి వచ్చింది. మళ్లీ వెళ్లింది, మళ్లీ వచ్చింది. మూడోసారి వెళ్లి ఆగిపోయింది.

“ఇవిగో, పెద్దయ్యా.”

ఎలుగుబంటి వంగి చూసి, లేపిన కాలు మెల్లగా పక్కన పెట్టింది. అది చూసి తాబేలు తల బయటపెట్టింది. “నేనూ ఇక్కడే ఉంటాను.”

“నేనూ,” అంది కుందేలు. “వానలు పడితే జింకలు మేసేదీ ఇక్కడే.”

“మరి పలకలు నీ నెత్తిన పెట్టాలా?” అంది నక్క.

“గుట్ట అవతల పాత క్వారీ ఉందిగా,” అంది కుందేలు. “ అక్కడ గడ్డిపోచ కూడా మొలవదు.”

“దూరం. తీగ చాలా పడుతుంది.”

“పడనీ,” అంది ఎలుగుబంటి. నక్క చేతనే గుంజలు పీకించింది.

మర్నాడు తీతువు నీళ్లు తాగి వచ్చేసరికి మూడు గుడ్లే ఉన్నాయి.

రెండేళ్లకు ఎలుగుబంటి పోయింది. దాని పెద్దరికం తాబేలుకు వచ్చింది. కొలిచే గొలుసు కుందేలుకు వచ్చింది. మైదానం మూడు తీతువు పిల్లలకు వచ్చింది. నక్కకు ఏమీ రాలేదు. నాలుగో గుడ్డుకూ ఏమీ రాలేదు.

నీతి: మనం ఉన్నామని మనమే చెప్పకపోతే, మన నేలను ఖాళీ అని రాసేస్తారు.